విద్యాసుందరి బెంగుళూరు నాగరత్నమ్మ

ప్రతి సంవత్సరం పుష్య బహుళ పంచమినాడు కావేరీ తీరంలోని తిరువయ్యారులో సంగీత విద్వాంసులు ఒకచోట చేరి త్యాగరాజస్వామి ఘనరాగ పంచరత్న కీర్తనలను ఒక్క గొంతుగా గానం చేస్తారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలలోని ఆ అయిదు కీర్తనలను ఆకాశవాణి దశాబ్దాల తరబడి ప్రత్యక్షంగా ప్రసారం చేస్తూ వచ్చింది. తిరువయ్యారును కంటితో చూడని తెలుగువారు సైతం ఆనాటి ఉదయం రేడియో ముందు కూర్చొని ఆరాధనోత్సవంలో పాల్గొన్న అనుభూతిని పొందేవారు. ఆ బృందగానంలో పురుషుల కంఠాలతో పాటు స్త్రీల కంఠాలు కూడా సమానంగా వినిపిస్తాయి. వినేవారికి అందులో విశేషమేమీ తోచదు. కాని 1940కి పూర్వం ఆ ఉత్సవ వేదికపై స్త్రీ గొంతెత్తి పాడటానికి అనుమతి లేదు. అంతకన్న ఆశ్చర్యకరమైన సంగతి మరొకటి ఉంది. ఆ సమాధికి ఆలయం కట్టించినది ఒక స్త్రీ. తాను కట్టించిన గుడి ముందు తానే పాడరాదన్న కట్టడిని ఎదిరించి నిలిచిన ఆ విదుషీమణి బెంగుళూరు నాగరత్నమ్మ.

నాగరత్నమ్మ 1878 నవంబరు 3వ తేదీన మైసూరు సంస్థానంలోని నంజనగూడు ప్రాంతంలో జన్మించింది. తల్లి పుట్టలక్ష్మి దేవదాసీ కులానికి చెందిన స్త్రీ. తండ్రి సుబ్బారావు న్యాయవాది. ఆయన ఆ తల్లీబిడ్డలను విడిచిపెట్టడంతో పుట్టలక్ష్మి పసిబిడ్డను వెంటబెట్టుకొని మైసూరు చేరింది. అక్కడ ఆస్థాన పండితుడు గిరిభట్ట తిమ్మయ్య ఆ బాలికకు సంస్కృతం నేర్పాడు. గ్రహణశక్తి అమోఘంగా ఉన్న ఆ చిన్నారి అనతికాలంలోనే శ్లోకాలను, కావ్యభాగాలను వల్లెవేయసాగింది. అయితే ఆ గురువు ఆదరణ ఎంతోకాలం నిలవలేదు. ఆశ్రయం కోల్పోయిన పుట్టలక్ష్మి, తన కూతురు విద్యలో పేరు తెచ్చుకొన్న తరువాతనే మళ్ళీ మైసూరు గడ్డపై అడుగుపెడతానని ప్రతిన పూని ఊరు విడిచింది.

ఆ ప్రతిన కేవలం కోపంలో పలికిన మాట కాదు. వాయులీన విద్వాంసుడైన బంధువు అండతో ఆ తల్లి కూతురి చదువు కొనసాగించింది. నాగరత్నమ్మ కన్నడ, తెలుగు, ఆంగ్ల భాషలను అభ్యసించింది. బెంగుళూరులో మునిస్వామప్ప వద్ద సంగీతం నేర్చుకొన్నది. ఆయన త్యాగరాజస్వామి శిష్యులలో వాలాజాపేట వారి పరంపరకు చెందినవాడు. ఆ విధంగా త్యాగరాజ కీర్తన ఆమెకు బాల్యంలోనే సంక్రమించింది. నాట్యంలోనూ శిక్షణ పొందింది. పదునాలుగేళ్ళ ప్రాయంలో తల్లిని కోల్పోయింది. ఆ తరువాత కొద్దికాలానికే మైసూరులో సుప్రసిద్ధ వైణికుడు వీణ శేషణ్ణ ఇంట విద్వాంసుల సమక్షంలో పాడి మెప్పు పొందింది. తల్లి ప్రతిన నెరవేరింది. చూడటానికి తల్లి మాత్రం లేదు.

బెంగుళూరులో న్యాయమూర్తి నరహరిరావు ఆదరణ, ఆ తరువాత మద్రాసులో రాజరత్న ముదలియారు పోషణ ఆమెకు లభించాయి. ఆనాటి సమాజంలో దేవదాసీ కుటుంబాల స్త్రీలకు వివాహం లేదు. కాని చదువు ఉండేది, కళ ఉండేది, సొంత ఆస్తి ఉండేది. కులస్త్రీలుగా గౌరవం పొందినవారికి అక్షరజ్ఞానం సైతం దుర్లభమైన కాలంలో వీరు కావ్యాలు చదివేవారు, సభలలో పాడేవారు. గౌరవం ఒకరికి, విద్య మరొకరికి అన్నట్లుగా ఉండేది ఆనాటి లోకరీతి. నాగరత్నమ్మ జీవితమంతా ఈ వైపరీత్యంతోనే పెనగులాడవలసివచ్చింది.

మద్రాసులో ఆమె కీర్తి ఇనుమడించింది. కచ్చేరీలతో పాటు హరికథాగానం కూడా చేసేది. గ్రామఫోను రికార్డులపై గళం వినిపించిన తొలితరం గాయనులలో ఆమె ఒకతె. ఆంధ్రదేశంలో రాజమహేంద్రవరం వంటి పట్టణాలలోనూ ఆమె పాట విన్నవారున్నారు. యదుకుల కాంభోజి రాగాలాపనలో ఆమెకు ప్రత్యేకమైన పేరుండేది. మద్రాసు నగరంలో ఆదాయపు పన్ను చెల్లించిన తొలి కళాకారిణి ఆమేనని చెబుతారు. గాయనిగా ఆమె సంపాదన ఏపాటిదో ఈ ఒక్కమాట తెలుపుతుంది. ఆ సంపాదనంతా తరువాతి కాలంలో ఏమైనదో ముందు ముందు చూడగలం.

నాగరత్నమ్మ కేవలం గాయని అయి ఉంటే సంగీత చరిత్రలో ఆమె పేరు నిలిచేది. సాహిత్య చరిత్రలోకి వచ్చేది కాదు. ఆమె నిత్యపాఠకురాలు. తంజావూరు యుగపు తెలుగు సాహిత్యాన్ని గురించి చదువుతుండగా ముద్దుపళని అనే కవయిత్రి పేరు, ఆమె రచించిన రాధికాసాంత్వనం అనే కావ్యం ప్రస్తావన కంటబడ్డాయి. ముద్దుపళని తంజావూరును 1739 నుండి 1763 వరకు పాలించిన మరాఠా ప్రభువు ప్రతాపసింహుని ఆస్థానంలో మన్నన పొందిన కళావతి. ఇళాదేవిని చేజేతులా పెంచి పెద్దచేసి కృష్ణునికిచ్చి వివాహం జరిపించిన రాధ, ఆ పిమ్మట ఆ ఎడబాటును భరించలేక పడే వేదనా, ఆమెను కృష్ణుడు అనునయించడమూ ఈ కావ్యానికి ఇతివృత్తం. నాలుగు ఆశ్వాసాలు, 584 గద్యపద్యాలు గల శృంగార ప్రబంధమిది.

నాగరత్నమ్మకు మొదట దొరికినది పైడిపాటి వేంకటనరసు 1887లో పరిష్కరించి ప్రకటించిన ప్రతి. అది సి.పి. బ్రౌన్ సాహచర్యంలో పనిచేసిన పండితుని చేతి మీదుగా వెలువడినదే అయినా సమగ్రం కాదు. కొన్ని పద్యాలు జారిపోయాయి. అంతకన్న శోచనీయమైన లోపం మరొకటి. కావ్యానికి ముందుండే పీఠిక, ఆశ్వాసాంత గద్యలు అందులో కానరావు. ముద్దుపళని తన పితామహి తంజనాయకిని స్మరిస్తూ తన వంశాన్ని స్త్రీల వైపు నుండి చెప్పుకొన్న భాగమది. తెలుగు ప్రబంధాలలో అటువంటి వంశవర్ణన అరుదు. దానిని తొలగిస్తే కావ్యం మిగులుతుంది గాని, కవయిత్రి ఉనికి మిగలదు. నాగరత్నమ్మ ఈ లోపాన్ని గుర్తించింది. పట్టు విడువక వెతికి ఒక వ్రాతప్రతిని సంపాదించింది. రెండింటిని సరిపోల్చి, పాఠాన్ని పరిష్కరించి, తన పీఠికతో 1910లో ప్రకటించింది. వావిళ్ళ రామస్వామి శాస్త్రులు అండ్ సన్స్ వారు దానిని ప్రచురించారు. ఒక స్త్రీ రచించిన తెలుగు కావ్యాన్ని మరొక స్త్రీ పరిష్కరించి వెలువరించడం ఆనాటికి అపూర్వమైన ఘటన.

అప్పటికే కందుకూరి వీరేశలింగం పంతులు తమ కవుల చరిత్రలో ముద్దుపళనిని తీవ్రంగా గర్హించి ఉన్నారు. స్త్రీ నోట రాదగని మాటలు ఆ కావ్యంలో ఉన్నాయన్నది ఆయన అభియోగం. స్త్రీవిద్యకు, వితంతు వివాహాలకు జీవితాన్ని ధారపోసిన మహనీయుడు ఆయన. అట్టి వ్యక్తితో వాదానికి దిగడం సామాన్యమైన సాహసం కాదు. నాగరత్నమ్మ తన పీఠికలో ఆ వాదానికే దిగింది. శృంగారం వర్ణించడమే దోషమైతే ఆ దోషం మహాకవులెందరికో అంటుతుందని, పురుషులకు చెల్లినది స్త్రీకి చెల్లకపోవడం ఏ న్యాయమని నిలదీసింది. అటువంటి వర్ణనలకు కొదువలేని వైజయంతీవిలాసాన్ని పంతులుగారే ప్రకటనకు యోగ్యమని ఆమోదించిన సంగతిని కూడా ఎత్తి చూపింది. ఈ తర్కానికి సూటియైన సమాధానం రాలేదు. వచ్చినది వేరు. వేశ్య రాసిన గ్రంథాన్ని వేశ్యయే అచ్చువేయించినదన్న ఎత్తిపొడుపు పత్రికలకెక్కింది. కావ్యవిమర్శ కాస్తా కులదూషణగా మారింది.

వివాదం అంతటితో ముగియలేదు. గ్రంథం అశ్లీలమన్న ఫిర్యాదులు ప్రభుత్వానికి అందాయి. ప్రభుత్వ అనువాదకుడు గోటేటి కనకరాజు పంతులు అభ్యంతరకరమని తోచిన భాగాలను ఆంగ్లంలోకి అనువదించి సమర్పించాడు. ప్రబంధశృంగారాన్ని పరాయిభాషలో, అదీ పద్యపు అందం వదిలి చదివిన పాలకులకు అది ఏ విధంగా కనిపించి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. 1911లో పోలీసులు ప్రతులను స్వాధీనం చేసుకొన్నారు. మరుసటి సంవత్సరం నిషేధం విధించబడింది. పండితులు కొందరు అర్జీలు పెట్టుకొన్నా ఫలితం లేకపోయింది. టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్న కాలంలో గాని ఆ నిషేధం తొలగలేదు. అప్పటికి నాగరత్నమ్మకు డెబ్బది ఏళ్ళు సమీపించాయి. వావిళ్ళవారు 1952లో ఆ కావ్యాన్ని పునర్ముద్రించారు.

పుస్తకం చెరలో ఉండగానే ఆమె జీవితంలో రెండవ మహాకార్యం ఆరంభమైంది. త్యాగరాజస్వామి 1847 జనవరి 6వ తేదీన సిద్ధిపొందారు. అంతకు ముందే సన్యాసాశ్రమం స్వీకరించినందున ఆయన భౌతికకాయాన్ని కావేరీ తీరంలో సమాధి చేసి, పైన తులసి బృందావనం నెలకొల్పారు. కాలక్రమాన ఆ చోటు తుప్పలతో నిండిపోయింది. 1903లో ఉమయాళ్పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ అనే శిష్యులు ఆ స్థలాన్ని గుర్తించి బాగుచేయించారు. ఏటేటా ఆరాధనలు మొదలయ్యాయి. ఆరాధనలతో పాటే విద్వాంసులలో వర్గభేదాలు కూడా మొదలై పెద్దకక్షి, చిన్నకక్షి అని రెండు పక్షాలు ఏర్పడ్డాయి. ఉత్సవం ఎవరు నిర్వహించాలన్న స్పర్ధలో సమాధి సంరక్షణ వెనుకబడింది. శిథిలావస్థలో ఉన్న ఆ స్థలాన్ని చూసి కలతచెందిన మైసూరు ఆస్థాన విద్వాంసుడు బిడారం కృష్ణప్ప, తాను గురువుగా ఆదరం చూపిన నాగరత్నమ్మకు ఆ సంగతి ఉత్తరం ద్వారా తెలియజేశాడు. త్యాగరాజస్వామి తనకు కలలో దర్శనమిచ్చారని కూడా ఆమె చెప్పుకొనేది.

నాగరత్నమ్మ తిరువయ్యారు వెళ్ళింది. సమాధి చుట్టూ ఉన్న నేలను సంపాదించింది. 1921 అక్టోబరు 27న ఆలయానికి పునాది వేయించింది. నగలు, ఆస్తులు ఒక్కొక్కటిగా ఖర్చయ్యాయి. కచ్చేరీలలో, హరికథలలో గడించిన ధనం ఇటుకలుగా, రాతిస్తంభాలుగా రూపుదాల్చింది. 1925 జనవరి 7న కుంభాభిషేకం జరిగింది. స్వామిని అర్చించడానికి త్యాగరాజ అష్టోత్తర శతనామావళిని సంస్కృతంలో ఆమే రచించింది. కన్నడదేశంలో పుట్టిన స్త్రీ, తమిళనేల మీద, తెలుగు వాగ్గేయకారునికి, సంస్కృత నామాలతో పూజ ఏర్పరచిన తీరు దక్షిణాది సంగీతానికి భాషాభేదం లేదనడానికి చక్కని నిదర్శనం.

ఇంత చేసినా ఆరాధన దినాన ఆమెకు పాడే అవకాశం లేదు. స్త్రీలు, అందునా దేవదాసీలు, సన్నిధిలో గానం చేయరాదన్న కట్టడిని రెండు కక్షులవారూ పాటించారు. ఎన్నో విషయాలలో పరస్పరం విభేదించిన ఆ రెండు వర్గాలకూ ఈ ఒక్క విషయంలో ఏకాభిప్రాయం కుదిరింది. నాగరత్నమ్మ అలిగి ఆలయపు తలుపులు మూయలేదు. చేయదలచుకొంటే ఆ హక్కు ఆమెకు లేకపోలేదు. ఆమె ఎంచుకొన్న దారి వేరు. 1927లో స్త్రీలతో మరొక పక్షాన్ని ఏర్పరచి, ఆలయం వెనుక భాగంలో వారిచేత ఆరాధన చేయించింది. ముందువైపు విద్వాంసులు పాడుతుండగా వెనుకవైపు స్త్రీలు పాడేవారు. జనం దానిని ఆడవాళ్ళ కక్షి అని పిలవసాగారు. అధికారులకు అర్జీలు, న్యాయస్థానపు వ్యవహారాలు సాగి, చివరకు ఒకే సమాధి వద్ద మూడు పక్షాలూ వేళలు పంచుకొనవలసివచ్చింది.

ఆ సంవత్సరాలలోనే ఆమె మరొక వివాదంలో చిక్కుకొన్నది. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి దేవదాసీ వ్యవస్థను రద్దుచేయాలని మద్రాసు శాసనమండలిలో ఉద్యమించగా, మద్రాసు దేవదాసీల సంఘానికి నాయకత్వం వహించి నాగరత్నమ్మ ఆ ప్రతిపాదనను వ్యతిరేకించింది. పసిపిల్లలను ఆలయానికి అంకితం చేసే ఆచారం క్రూరమైనది. దానిని అరికట్టాలన్న ముత్తులక్ష్మి రెడ్డి పట్టుదల న్యాయమైనదే. అయితే ఆ వేడిలో దేవదాసీల విద్యను, కళను, ఆస్తిహక్కును సైతం దోషంగా చూసే ధోరణి ప్రబలిందన్న నాగరత్నమ్మ ఆవేదన కూడా నిరాధారం కాదు. 1947లో దేవదాసీ అంకిత నిషేధ చట్టం వచ్చింది. ఆ రోజులలోనే ఉత్తర భారతంలో రేడియో కేంద్రాలు సైతం వంశపారంపర్య వృత్తిగాయనులను దూరం ఉంచాయి. పాట కావాలి, పాడిన స్త్రీ మాత్రం వద్దన్న ఈ వైఖరి ఆ తరం గాయనులెందరినో మరుగున పడవేసింది.

తిరువయ్యారులో మాత్రం పరిస్థితి మెల్లగా మారింది. 1938 జూన్ 16న మద్రాసులోనూ, 1939 మే 16న తిరుచిరాపల్లిలోనూ రేడియో కేంద్రాలు ఆరంభమయ్యాయి. సంగీతం ఇంటింటికి చేరే కాలం వచ్చింది. పాడేవారు ఎవరని అడగకుండా పాటను వినే శ్రోతలు తయారవుతున్నారు. గ్రామఫోను, రేడియో, సభావేదికల మీద గాయనులకు అపారమైన ఆదరణ లభిస్తున్నప్పుడు త్యాగరాజ సన్నిధిలో వారిని నిషేధించడంలోని అసంబద్ధత విద్వాంసులకే బోధపడసాగింది. 1940లో ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్, ఐ.సి.ఎస్. అధికారి ఎస్.వై. కృష్ణస్వామి మొదలైనవారి పూనికతో మూడు పక్షాలూ కలిసి త్యాగబ్రహ్మ మహోత్సవ సభగా రూపొందాయి. వేరువేరు పూజలు పోయి ఒకే ఆరాధన ఏర్పడింది. పంచరత్న కీర్తనల సామూహిక గానం ఆ ఐక్యతకు గుర్తుగా స్థిరపడింది. అందులో స్త్రీలకు స్థానం లభించింది. పదమూడేళ్ళు ఆలయం వెనుక నిలిచి పాడిన కంఠాలు ముందువైపుకు వచ్చాయి.

జీవిత చరమాంకాన్ని నాగరత్నమ్మ తిరువయ్యారులోనే గడిపింది. మద్రాసు వైభవం దూరమైంది. ఒంటినిండా ఆభరణాలతో కచ్చేరీ చేసిన స్త్రీ నిరాడంబరంగా సమాధి సేవలో కాలం వెళ్ళబుచ్చింది. విద్యాసుందరి అన్న బిరుదు ఆమె పాండిత్యానికి దక్కినది. త్యాగసేవాసక్త అన్న బిరుదు ఈ సేవకు దక్కినది. రెండవదే ఆమెకు ఎక్కువ ప్రీతిపాత్రమై ఉండాలి. 1949లో ఆమె వీలునామా రాసి, మిగిలిన తన ఆస్తిని ఆలయ నిర్వహణకు అప్పగించింది. అందులో ఒక నిబంధన విధించింది. స్త్రీలు, దేవదాసీలతో సహా, త్యాగరాజ సన్నిధిలో పూజ చేయడానికి, గానం చేయడానికి ఎన్నడూ ఆటంకం కలుగరాదు. ఐక్యత ఏర్పడి తొమ్మిదేళ్ళయినా, దానిని నోటిమాటకు వదలక కాగితం మీద భద్రపరచిన జాగ్రత్త చూస్తే, న్యాయస్థానాల అనుభవం ఆమెకు ఏమి నేర్పినదో తెలుస్తుంది.

1952 మే 19న నాగరత్నమ్మ తనువు చాలించింది. త్యాగరాజస్వామి సమాధికి సమీపంలోనే ఆమెకు సమాధి నిర్మించారు. అక్కడ ప్రతిష్ఠించిన ఆమె విగ్రహం స్వామి సన్నిధికి అభిముఖంగా, రెండు చేతులు జోడించి కూర్చొని ఉంటుంది.